ఒక పెద్ద డిస్కా, రెండు చిన్న డిస్కులా?

2009లో నేను అమీర్‌పేటలో ఉండేవాణ్ని. మైత్రీవనం వెనక, ఆదిత్య ఎన్‌క్లేవ్‌కి నాలుగడుగుల దూరంలో మా హాస్టల్. గదికి నలుగురం. పొద్దున జావా క్లాసు, సాయంత్రం ఒరాకిల్ క్లాసు, రాత్రి ఎవరిదో ఒకరి లాప్‌టాప్ చుట్టూ చేరి ప్రాక్టీసు. ఆ గదిలోకి మొదటి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ తెచ్చింది నేనే. 320 జీబీ. అప్పటికి అది మా నలుగురికీ ధాన్యపు కొట్టు.

మా నాన్న సూర్యాపేట దగ్గరి ఊళ్లో తెలుగు పంతులు. పోతన పద్యాలు రాగం తీసి చదివేవారు. సెలవు రోజుల్లో టేప్ రికార్డర్ ముందు కూర్చుని క్యాసెట్లు నింపారు. ఆయన పోయాక పన్నెండు మిగిలాయి. వాటికి బూజు పడుతోందని గమనించి, ఒకటి అక్క దగ్గర ఉండిపోగా, చేతిలో ఉన్న పదకొండూ కంప్యూటర్లోకి ఎక్కించాను. నెల పట్టింది. సిస్టమ్‌లో చోటు చాలక ఆ ఫోల్డర్ మొత్తం కట్ చేసి ఎక్స్‌టర్నల్‌లో పేస్ట్ చేశాను. ఇక భద్రమే కదా అని బూజు పట్టిన క్యాసెట్లు పడేశాను.

మంచం మీద లాప్‌టాప్, దిండు మీద డిస్క్, మధ్యలో మూరెడు కేబుల్. రాత్రి మంచినీళ్లకు లేచిన మిత్రుడి కాలికి కేబుల్ తగిలింది. మంచం ఎత్తు అడుగున్నర ఉంటుంది. డిస్క్ నేల మీద పడ్డాక లోపల్నుంచి టిక్, టిక్, టిక్ అని చప్పుడు. ఆ చప్పుడు ఏమిటో తెలియక పదిసార్లు పీకి పదిసార్లు పెట్టాను. రికవరీ చేసే వాళ్ల దగ్గరికి తీసుకెళ్లేసరికి పళ్లెం మీద పొర గీసుకుపోయి ఉంది. తిరిగే పళ్లెం మీద, తల వెంట్రుక మందంలో వేల వంతుల్లో ఒక వంతు ఎత్తులో, చదివే ముల్లు తేలుతూ ఉంటుంది. దెబ్బ తగిలాక కరెంటు ఇచ్చిన ప్రతిసారీ ఆ ముల్లు పొరను చెక్కుతుంది. చప్పుడు విన్న వెంటనే పీకేసి పక్కన పెట్టి ఉంటే కొన్నయినా దక్కేవేమో. ఈ పుస్తకం చదివే వాళ్లలో ఒక్కరైనా ఈ మాట గుర్తుపెట్టుకోవాలని రాస్తున్నాను: టిక్ టిక్ వినిపిస్తే పీకేయండి, మళ్లీ పెట్టకండి.

కానీ ఆ రాత్రి అసలు తప్పు కేబుల్‌ది కాదు, మిత్రుడిదీ కాదు. నేను చేసింది బ్యాకప్ కాదు. ఒకచోట ఉన్నదాన్ని ఇంకోచోటికి మార్చానంతే. కట్ చేసి పేస్ట్ చేసి, క్యాసెట్లు పడేసిన క్షణాన ఆ పదకొండింటిలోని నాన్న గొంతు లోకంలో ఒకే ఒక చోట మిగిలింది. ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ కొనే చాలామంది ఇప్పటికీ ఇదే చేస్తున్నారు. ఫోన్ నిండింది, లాప్‌టాప్ నిండింది, డిస్క్‌లోకి తోసేశాం, పాతది చెరిపేశాం, మనసు తేలికపడింది.

అందుకే నన్నెవరైనా ఏ డిస్క్ కొనమంటారని అడిగితే, కంపెనీ పేరు చెప్పేముందు ఒకటి చెబుతాను. మీ చేతిలో ఉన్న డబ్బుతో వచ్చే అతి పెద్దదీ, అతి వేగమైనదీ కొనకండి. అదే డబ్బును రెండుగా చేసి రెండు మామూలువి కొనండి. ఇక్కడి నుంచి రాసేదంతా అది ఎలా సాధ్యమో, వేగం మీద పెట్టే డబ్బులో ఎంత వృథా పోతుందో చెప్పడానికే.

ముందు సిస్టమ్ వెనక్కి వెళ్లి చూడండి

పంజాగుట్ట ద్వారకాపురి కాలనీలో నాకు తెలిసిన పెద్దాయన ఒకరున్నారు. బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. కొడుకు డాలస్‌లో ఉంటాడు. మొన్న వచ్చినప్పుడు తండ్రికి అరచేతిలో ఇమిడే ఎస్‌ఎస్‌డీ, అంటే పళ్లెం బదులు చిప్పులుండే డిస్క్, ఒకటి తెచ్చిచ్చాడు. పెట్టె మీద సెకనుకు 2000 మెగాబైట్ల వేగం అని ఉంది. కొడుకు వెళ్లాక పెద్దాయన ఫోన్ చేశారు.

"బాబూ, ఇంత పోసి కొన్నాడు మావాడు. నత్తలా నడుస్తోంది. మనవరాలి వీడియోలు ఎక్కించబోతే గంటన్నర అని చూపిస్తోంది. పాడైన వస్తువేమో చూడు."

"సార్, మీ సిస్టమ్ ఎప్పటిది?"

"2010లో కొన్నది. బంగారంలా పనిచేస్తోంది."

వెళ్లి చూశాను. డిస్క్‌కి ఏ లోపమూ లేదు. ఆ సిస్టమ్‌కి ముందూ వెనకా ఉన్నవన్నీ యూఎస్‌బీ 2.0 పోర్టులు. చెరువు ఎంత పెద్దదైనా తూము ఎంతుంటే అన్ని నీళ్లే పారతాయి. డిస్క్, కేబుల్, పోర్ట్, ఈ మూడింట్లో ఏది నెమ్మదిదో అదే మీ వేగం.

తూముల లెక్క ఇది. యూఎస్‌బీ 2.0 వచ్చింది 2000లో. దాని వేగం 480 ఎంబీపీఎస్ అంటారు. అవి మెగాబిట్లు. ఎనిమిది బిట్లు కలిస్తే ఒక బైట్, కాబట్టి లెక్కకు 60 మెగాబైట్లు. చేతికొచ్చేది సెకనుకు 30 నుంచి 40 మెగాబైట్లే. 2008లో వచ్చిన యూఎస్‌బీ 3.0 వేగం 5 జీబీపీఎస్. ఆ తర్వాత 10 వచ్చింది, 20 వచ్చింది, 2019 నాటి యూఎస్‌బీ4తో 40 దాకా పోయింది. పేర్లు మాత్రం గందరగోళం చేశారు. 3.0 అన్నదాన్నే తర్వాత 3.1 జెన్ 1 అన్నారు, ఆ తర్వాత 3.2 జెన్ 1 అన్నారు. మూడూ ఒకటే. పెట్టె మీద 3.2 అని కనిపించగానే కొత్త సరుకు అనుకోకండి. పక్కనే 5 అని ఉందా, 10 అని ఉందా, 20 అని ఉందా అన్నదే చదవండి.

పోర్ట్‌ని గుర్తుపట్టడం కష్టం కాదు. వెడల్పు మూతి పోర్ట్ లోపలి నాలుక నీలం రంగులో ఉంటే సాధారణంగా 3.0. నలుపో తెలుపో అయితే చాలావరకు 2.0. కొన్ని కంపెనీలు ఈ రంగు పాటించవు కాబట్టి, పోర్ట్ పక్కన ఎస్‌ఎస్ అనే అక్షరాలు ఉన్నాయేమో చూడండి, లేదా మోడల్ నంబర్ కొట్టి వివరాలు చదవండి. డెస్క్‌టాప్ అయితే క్యాబినెట్ ముందు పోర్టుల కన్నా వెనక ఉన్నవే నమ్మకం. వెనకవి నేరుగా మదర్‌బోర్డు మీదుంటాయి. ముందువాటికి లోపల ఒక వైరు వెళుతుంది. ఆ వైరు వదులైన సిస్టములు నేను చాలా చూశాను.

ఇక టైప్-సి. దీని గురించి ఉన్నంత అపోహ ఇంకే పోర్ట్ మీదా లేదు. టైప్-సి అన్నది మూతి ఆకారం మాత్రమే. అది వేగం పేరు కాదు. అదే ఆకారంలో 480 ఎంబీపీఎస్ పోర్ట్ ఉంటుంది, 40 జీబీపీఎస్ పోర్ట్ కూడా ఉంటుంది. కేబుల్ సంగతీ అంతే. ఫోన్‌తోపాటు వచ్చిన ఛార్జింగ్ కేబుల్ రెండు మూతులూ సరిపోయాయి కదా అని డిస్క్‌కి పెడతారు. ఛార్జింగ్ కేబుళ్లలో చాలావాటికి యూఎస్‌బీ 2.0 తీగలే ఉంటాయి. వేగంగా నడిచే డిస్క్ కూడా ఆ కేబుల్‌తో 2000 సంవత్సరంలోకి వెళ్లిపోతుంది. డిస్క్‌తో వచ్చిన కేబుల్ మీద స్కెచ్ పెన్నుతో గుర్తు పెట్టుకుని, దాన్ని వేరే పనికి వాడకుండా ఉంచండి.

మెరుపు గుర్తు ఉన్న టైప్-సి పోర్ట్ థండర్‌బోల్ట్. 2015లో వచ్చిన మూడో తరం నుంచి ఇది టైప్-సి మూతిలోకి మారింది. వీడియో ఎడిటింగ్ మీ జీవనాధారమైతే తప్ప దీని కోసం డబ్బు పెట్టనక్కర్లేదు. పైగా థండర్‌బోల్ట్‌కి మాత్రమే పనిచేసే డిస్కులు మామూలు యూఎస్‌బీ పోర్ట్‌లో పలకవు. పాత మ్యాక్‌ల మీది ఫైర్‌వైర్, పాత డెస్క్‌టాపుల మీది ఈ-శాటా ఇప్పుడు కొనేవాళ్లకు అవసరం లేదు.

పెద్దాయన డిస్క్ మీదున్న 2000 సంగతి కూడా చెప్పాలి. ఆ వేగం రావాలంటే కంప్యూటర్‌కి 20 జీబీపీఎస్ యూఎస్‌బీ పోర్ట్ ఉండాలి. అది కొత్త లాప్‌టాపుల్లో కూడా అరుదు. లేనిచోట ఆ డిస్క్ మహా అయితే 1000 దగ్గర ఆగుతుంది. మీ లాప్‌టాప్‌లో లేని పోర్ట్ కోసం డిస్క్ మీద డబ్బు పెట్టడం, మోటారు లేని బావికి పైపులు వేయించడం లాంటిది.

పెద్దాయనకు రెండు దారులు చెప్పాను. డెస్క్‌టాప్ కాబట్టి మదర్‌బోర్డు మీద ఖాళీ స్లాట్‌లో యూఎస్‌బీ 3.0 కార్డు వేయించుకోవచ్చు. లేదా ఇవాళ రాత్రి భోంచేసి కాపీ పెట్టి పడుకోవచ్చు. "పడుకుంటే ఏం పోయింది బాబూ" అన్నారు. ఆ మాటలోనే అసలు సంగతి ఉంది. మొదటిసారి ఎక్కించినప్పుడే 200 జీబీ ఉంటుంది. ఆ తర్వాత ప్రతి వారం కొత్తగా చేరేది రెండో మూడో జీబీలు. పాత 2.0 పోర్ట్ మీద కూడా అది రెండు నిమిషాల పని. ఇంట్లో బ్యాకప్‌కి వేగం కావాల్సింది ఒక్క రాత్రే. ఆ ఒక్క రాత్రి కోసం రెండో డిస్క్ డబ్బును పోగొట్టుకోకూడదు.

తిరిగేదా, తిరగనిదా

హార్డ్ డిస్క్ లోపల పళ్లెం తిరుగుతుంది. ఎస్‌ఎస్‌డీలో కదిలే భాగం ఏదీ లేదు, చిప్పులే. హార్డ్ డిస్క్‌తో వచ్చిన మొదటి కంప్యూటర్ 1956లో ఐబీఎం తెచ్చిన రామాక్. 24 అంగుళాల పళ్లేలు యాభై పేర్చిన ఆ యంత్రంలో దాచగలిగింది 50 లక్షల అక్షరాలు. ఇవాళ ఒక మంచి ఫొటో అంత. అదే సూత్రం ఇప్పుడు చొక్కా జేబులోకి వచ్చింది.

చొక్కా జేబులో పట్టేది రెండున్నర అంగుళాలది. దానికి వేరే కరెంటు అక్కర్లేదు, కేబుల్లోంచే తీసుకుంటుంది. యూఎస్‌బీ 2.0 పోర్ట్ అధికారికంగా ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు, 3.0 పోర్ట్ ఇచ్చేది 900. పళ్లెం తిరగడం మొదలెట్టే క్షణంలో డిస్క్ ఎక్కువ లాగుతుంది. పాత లాప్‌టాప్‌లో లైటు వెలుగుతూ డిస్క్ డిటెక్ట్ కాకపోతే, పాడైందని కంగారుపడి ఫార్మాట్ కొట్టకండి. వేరే పోర్ట్‌లో, పొట్టి కేబుల్‌తో పెట్టి చూడండి. సగం కేసుల్లో అదే మందు. కొసరు కేబుల్ తగిలించి మంచం దాకా లాగడం, సొంత కరెంటు లేని హబ్‌లో గుచ్చడం మానేయండి.

మూడున్నర అంగుళాలది బల్ల మీద ఉండేది. దానికి 12 వోల్టుల అడాప్టర్ ఉంటుంది. 8 టీబీ, 12 టీబీ లాంటి పెద్ద సైజులు ఇందులోనే దొరుకుతాయి. కానీ కాపీ మధ్యలో కరెంటు పోతే, లాప్‌టాప్ బ్యాటరీ మీద నడుస్తున్నా డిస్క్ ఆగిపోతుంది. రాస్తున్న ఫైలు పోవడం ఒకటి, ఒక్కోసారి ఫైళ్ల జాబితానే చెదిరి డిస్క్ మొత్తం ఖాళీగా కనిపించడం మరొకటి. యూపీఎస్ లేని ఇంట్లో ఇది కొనమని నేను చెప్పను.

వేగం తేడా 200 జీబీ పెద్ద ఫైళ్ల మీద చెబుతాను. పాత 2.0 పోర్ట్‌లో ఏ డిస్క్ అయినా గంటన్నర పైనే. 3.0 పోర్ట్‌లో రెండున్నర అంగుళాల హార్డ్ డిస్క్ అరగంట. అదే పోర్ట్‌లో మామూలు ఎస్‌ఎస్‌డీ ఎనిమిది నిమిషాలు. వేలకొద్దీ చిన్న ఫొటోలైతే హార్డ్ డిస్క్ ఇంకా వెనకబడుతుంది, ఎందుకంటే ముల్లు ఒక్కొక్క ఫైలుకూ అటూ ఇటూ పరిగెత్తాలి.

మరి ఏది? రోజూ బ్యాగులో వేసుకుని తిరిగేవాళ్లు, అమీర్‌పేట హాస్టల్ గదిలో మంచం మీద పనిచేసే పిల్లలు, డిస్క్ మీదే ప్రాజెక్టు తెరిచి రాసేవాళ్లు ఎస్‌ఎస్‌డీయే కొనాలి. 500 జీబీ చాలు. పడితే బతుకుతుంది. 2009లో ఆ మంచం మీద ఉన్నది ఎస్‌ఎస్‌డీ అయితే నేను ఈ అధ్యాయం ఇలా మొదలుపెట్టేవాణ్ని కాదు.

బీరువాలో పెట్టి నెలల తరబడి తీయని వాటికి హార్డ్ డిస్కే మేలు. చిప్పుల్లో దాగిన విద్యుదావేశం కరెంటు తగలకుండా ఏళ్లు గడిస్తే నెమ్మదిగా జారిపోతుంది. వాడి వాడి అరిగిన ఎస్‌ఎస్‌డీలో, వేడి చోట ఉంచినదాంట్లో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. మన మే నెల ఎండలు తెలిసినవే. హార్డ్ డిస్క్‌ని కూడా పూర్తిగా మరిచిపోకూడదు. ఏడాదికి రెండు మూడుసార్లు పెట్టి తిప్పాలి.

కొనే రోజు

పంజాగుట్ట నుంచి అమీర్‌పేట దాకా రోడ్డు పొడవునా లాప్‌టాప్ షోరూములు, సర్వీసు సెంటర్లు ఉన్నాయి. నాలుగు షాపుల్లో ధర అడిగి చూడాలనుకుంటే అమీర్‌పేటలో నీలం లైను మెట్రో ఎక్కి ప్యారడైజ్‌లో దిగండి. అక్కణ్నుంచి పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనే చోటు, నడిచిపోయేంత దూరమే. ధరలు ఇక్కడ రాయడం లేదు. అవి నిలకడగా ఉండవు. 2011లో థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి ఫ్యాక్టరీలు మునిగితే ప్రపంచమంతా హార్డ్ డిస్క్ ధరలు చుక్కలనంటాయి. కొనే వారంలోనే కనుక్కోండి.

బిల్లు తప్పనిసరిగా తీసుకోండి, బిల్లు మీద సీరియల్ నంబర్ రాయించుకోండి. వారంటీ మూడేళ్లంటే మీ డేటాకు మూడేళ్ల హామీ అని కాదు. పాడైతే ఇంకో ఖాళీ డిస్క్ ఇస్తారు, అంతే. ఈ తేడా షాపులో ఎవరూ చెప్పరు, మనమూ అడగం.

1 టీబీ కొంటే కంప్యూటర్ 931 జీబీ అని చూపిస్తుంది. షాపు వాళ్లు మోసం చేశారని గొడవ పడక్కర్లేదు. కంపెనీ వెయ్యి చొప్పున లెక్కేస్తుంది, విండోస్ 1024 చొప్పున లెక్కేస్తుంది. నిజమైన మోసం వేరే ఉంది. వెయ్యి రూపాయలకు 16 టీబీ ఎస్‌ఎస్‌డీ అని ఆన్‌లైన్‌లో కనిపిస్తుంది. విప్పి చూస్తే లోపల చిన్న మెమరీ కార్డు. తన సైజు అబద్ధం చెప్పేలా దాని ప్రోగ్రాం మార్చి ఉంటుంది. కార్డు నిండే దాకా అంతా బాగానే ఉంటుంది. నిండాక కొత్త ఫైళ్లు పాతవాటి మీదే పడిపోతాయి. పేర్లన్నీ కనిపిస్తాయి, తెరిస్తే ఏదీ తెరుచుకోదు. పెళ్లి ఫొటోలు ఇలా పోగొట్టుకున్న కొత్త దంపతులు నా ముందు కూర్చుని ఏడ్చారు. అందుకని ఏ డిస్క్ కొన్నా సొంత ఫైలు ఒక్కటి కూడా పెట్టకముందే పరీక్ష చేయండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్‌లోనూ లినక్స్‌లోనూ ఎఫ్3 అనే ఉచిత ప్రోగ్రాములున్నాయి. డిస్క్ మొత్తం నింపి, తిరిగి చదివి, సరిపోల్చి చెబుతాయి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఇంకోటి ఆ డిస్క్ ఇప్పటిదాకా ఎన్ని గంటలు నడిచిందో చూపిస్తుంది. కొత్తదని ఇచ్చిన డిస్క్ వేల గంటలు నడిచి ఉంటే ఆ రోజే వెనక్కి ఇచ్చేయండి.

ఇంట్లో విండోస్, మ్యాక్ రెండూ ఉంటే ఎక్స్‌ఫ్యాట్ అనే పద్ధతిలో ఫార్మాట్ చేసుకోండి. ఎన్‌టీఎఫ్‌ఎస్ డిస్క్‌ని మ్యాక్ చదువుతుంది కానీ సొంతంగా రాయదు. పాత ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు ఎక్కదు. పెళ్లి వీడియో ఎక్కట్లేదని వచ్చేవాళ్ల సమస్య దాదాపు ఎప్పుడూ ఇదే. టీవీకి కూడా పెట్టాలనుకుంటే మీ టీవీ ఏది చదువుతుందో ముందే చూసుకోండి. ఫార్మాట్ కొడితే ఉన్నవన్నీ పోతాయి కనుక ఇదంతా మొదటి రోజే తేల్చుకోవాలి.

కొన్ని కంపెనీల చిన్న డిస్కుల్లో యూఎస్‌బీ మూతి లోపలి బోర్డుకే అతికి ఉంటుంది. ఆ మూతి ఊడితే డిస్క్ తీసి ఇంకో పెట్టెలో పెట్టే వీలుండదు, రికవరీ ఖర్చు పెరుగుతుంది. కాబట్టి మూతి దగ్గర కేబుల్‌ని వంచి పట్టి లాగకండి.

రెండోది ఎక్కడ ఉండాలి

అమీర్‌పేటలోనే సారథి స్టూడియో ఉంది. 1950లలో కట్టినది. ఆ రోజుల్లో నెగటివ్ రీలు ఒక్కటే, కాలిపోతే సినిమా పోయినట్టే. ఇప్పటి షూటింగుల్లో కెమెరా కార్డు నిండగానే దాన్ని కనీసం రెండు డిస్కుల్లోకి కాపీ చేసి, రెండూ సరిగ్గా వచ్చాయని సరిచూశాకే కార్డు చెరుపుతారు. కోట్ల రూపాయల పనిలో పాటించే ఈ క్రమశిక్షణకు మన ఇంట్లో అయ్యే ఖర్చు ఇంకో మామూలు డిస్క్.

అయితే రెండు డిస్కులూ ఒకే బీరువాలో ఉంటే ఒక్కటి ఉన్నట్టే. బాగ్‌లింగంపల్లిలోని సుందరయ్య విజ్ఞాన కేంద్రం లైబ్రరీలోకి 2000 ఆగస్టులో వరద నీళ్లు వచ్చాయి. అక్కడ భద్రపరిచిన అపురూపమైన ఉర్దూ పుస్తకాలు, పత్రికలు వేలల్లో నానిపోయాయి. ఎంతో శ్రద్ధగా కూడబెట్టిన వాళ్లవి, శ్రద్ధగా చూసుకునే వాళ్ల దగ్గరే ఉన్నవి. చోటు ఒక్కటే కావడం వల్ల నీళ్లు ఒక్కసారి వస్తే చాలింది. 2020 అక్టోబర్‌లో హైదరాబాద్ మళ్లీ మునిగింది. గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండేవాళ్ల కంప్యూటర్లు, వాటి పక్కనే ఉన్న డిస్కులు కలిసే తడిశాయి. వరద రాకపోయినా దొంగ వస్తే లాప్‌టాప్‌తో పాటు పక్కనున్న డిస్క్‌ని కూడా పట్టుకుపోతాడు.

ప్రపంచమంతా ఫొటోగ్రాఫర్లు 3-2-1 అని ఒక లెక్క చెబుతారు. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, అందులో ఒకటి వేరే చోట. నేను మన ఇళ్లకు తగ్గట్టు ఇలా చేయమంటాను. కంప్యూటర్లో ఉన్నది మొదటి కాపీ. ఇంట్లో డిస్క్ రెండోది. మూడోది ఊళ్లో, అక్క దగ్గరో తమ్ముడి దగ్గరో. ఆన్‌లైన్‌లో దాచుకోవడం మంచిదే. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో సర్టిఫికెట్లు, ఇంటి కాగితాలు, ముఖ్యమైన ఫొటోలు పెట్టుకోవచ్చు. కుటుంబం వీడియోలన్నీ అందులో పట్టవు, ఎక్కువ చోటు కోసం నెల నెలా కట్టే డబ్బు ఆగితే చిక్కే.

ఇంట్లో డిస్క్‌ని కంప్యూటర్‌కి ఎప్పుడూ తగిలించి ఉంచకండి. ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే వైరస్ వస్తే తగిలించి ఉన్న డిస్క్‌కి కూడా తాళం పడుతుంది. ఆదివారం పొద్దున టిఫిన్ అయ్యాక పెట్టండి, కాపీ కాగానే కింద మూలనున్న గుర్తు నొక్కి సేఫ్‌గా ఎజెక్ట్ చేసి పీకండి. కాపీ అయిపోయిందని తెర మీద కనిపించినా కొంత డేటా ఇంకా మెమరీలోనే ఉండొచ్చు, ఎజెక్ట్ నొక్కితేనే అది డిస్క్ మీదికి దిగుతుంది. డిస్క్‌ని బల్ల మధ్యలో పెట్టండి. మంచం మీద వద్దు.

బయటికి పంపే డిస్క్‌కి పాస్‌వర్డ్ పెట్టాలనుకుంటే పెట్టండి. మరిచిపోతే మాత్రం మీరు కూడా తెరవలేరు. పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి బీరువాలో పట్టుచీరల కింద పెట్టడంలో తప్పేం లేదు. మీ తర్వాత ఆ ఫొటోలు చూడాల్సిన వాళ్లకు అది దొరకాలి.

మా ఇంట్లో పద్ధతి దసరాకు ఒకటి, సంక్రాంతికి ఒకటి. నా దగ్గర రెండు 1 టీబీ డిస్కులున్నాయి, ఒకదానికి ఎర్ర టేపు, ఇంకోదానికి పచ్చ టేపు. పండక్కి సూర్యాపేట వెళ్లేటప్పుడు కొత్తగా నింపిన ఎర్రది తీసుకెళ్లి అక్కకు ఇచ్చి, అక్కడున్న పచ్చది తెచ్చుకుంటాను. తర్వాతి పండక్కి అటుది ఇటు. ఇందులో ఉన్న లాభం ఏంటంటే ఊళ్లో డిస్క్ ఏడాదికి రెండుసార్లు బయటికొచ్చి తిరుగుతుంది. పోయిన సంక్రాంతికి అక్క గుమ్మంలోనే అడిగింది.

"ఏందిరా, మళ్ల డబ్బా తెచ్చినవా?"

"తెచ్చిన అక్కా. పాతది ఏది?"

"బియ్యం డ్రమ్ము మీద అల్మరల ఉన్నది. నువ్వు చెప్పినట్టే తడి తగలనియ్యలే."

డిస్క్ తీసుకున్నాక అక్కడే ఒకసారి తెరిచి చూస్తాను. తెరుచుకోని కాపీ ఎన్ని చోట్ల ఉన్నా లాభం లేదు. ఏదో ఒక ఫోల్డర్లోంచి మూడు నాలుగు ఫైళ్లు పైనుంచి కిందిదాకా ఆడించి చూడాలి. ప్రతిసారీ చివర ఒకే ఫైలు పెడతాను. 2009లో అక్క దగ్గర ఉండిపోయిన ఆ పన్నెండో క్యాసెట్, గజేంద్ర మోక్షం. తర్వాత దాన్ని కూడా కంప్యూటర్లోకి ఎక్కించాను, క్యాసెట్ మాత్రం అక్కే దాచుకుంది. లాప్‌టాప్ వంటింటి గట్టు మీద పెడితే అక్క సకినాలు చుట్టుకుంటూ వింటుంది. రెండో వైపు మొదట్లో నాన్న గొంతు సవరించుకుంటారు. అంతలో వెనక నుంచి ఎనిమిదేళ్ల అక్క, నాన్నా నీళ్లు కావాలా అని అడుగుతుంది. వద్దు తల్లీ అని ఆయన పద్యం ఎత్తుకుంటారు.